పల్లెలో పెరుగుతున్న నడుం కొలత

(విశాఖపట్నం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ సిబ్బంది, ఉపాధ్యాయులు, నగరవాసుల ముందు ఒక సామాజిక వైద్య నిపుణురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో కూర్చున్న ఆశా అమ్మలకి, ఏఎన్ఎంలకి, అంగన్‌వాడీ టీచర్లకి మరోసారి నమస్కారం. ఈరోజు నేను మాట్లాడబోయేదాంట్లో సగం మీరు రోజూ కళ్ళతో చూస్తున్నదే. మిగతా సగం మీ చేతుల మీదుగానే ఊళ్ళకి చేరాలి. మీరు ఇంతమంది రావడం నాకు చాలా సంతోషంగా ఉంది.

ఒక లెక్క చెప్తాను. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళ ఎత్తు, బరువు కొలిచారు. నూటికి 36 మంది ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద ఈ లెక్క 24. పల్లెల్ని విడిగా తీసి చూసినా దాదాపు ముగ్గురిలో ఒకరు. అదే సర్వేలో, అదే వయసు ఆడవాళ్ళలో, నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒంట్లో రక్తం చాలదు, నడుం చుట్టూ కొవ్వు పేరుకుంది. తిండి ఎక్కువై వచ్చిన జబ్బే అయితే రక్తం ఎందుకు తగ్గుతుంది? నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఊబకాయం అనగానే మనకి కారులో తిరిగేవాళ్ళు, పెళ్ళిళ్ళలో స్వీట్లు వదలనివాళ్ళు, ఏసీ గదుల్లో కూర్చుని పని చేసేవాళ్ళు గుర్తొస్తారు. అది కలిగినవాళ్ళ జబ్బనీ, పట్నం జబ్బనీ మన మనసులో పడిపోయింది. 2011 జనగణన ప్రకారం మన రాష్ట్రంలో పదిమందిలో ఏడుగురు పల్లెల్లో ఉంటున్నారు. పల్లెవాళ్ళకి ఈ జబ్బు రాదనుకుంటే ఆ ఏడుగురి గురించి ఆలోచించడం మానేసినట్టే. 2019లో నేచర్ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 1985 నుంచి 2017 దాకా ప్రపంచంలో జనం సగటు బరువు ఎంత పెరిగింది, ఆ పెరుగుదల ఎక్కడ జరిగింది అని లెక్క కట్టారు. సగానికి పైగా, అంటే 55 శాతం, పల్లెల్లోనే జరిగింది. పట్నాల వల్లే ప్రపంచం లావెక్కుతోందన్న నమ్మకాన్ని ఆ అధ్యయనం తిరగేసింది.

మీలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉండి ఉంటారు. అక్కడ ఊబకాయం అందరికంటే ఎక్కువున్న రాష్ట్రాలు ఏవో చూడండి. న్యూయార్క్ కాదు, కాలిఫోర్నియా కాదు. బొగ్గు గనుల వెస్ట్ వర్జీనియా, పొలాల మిసిసిపీ, ఆర్కాన్సా. వెస్ట్ వర్జీనియాలో పెద్దవాళ్ళలో పదిమందికి నలుగురు ఊబకాయులు. గనుల్లో పని తగ్గింది, ఆదాయం తగ్గింది, తాజా కూరగాయలు దొరికే కొట్టు మైళ్ళ దూరంలో ఉంది, ప్యాకెట్ తిండి మాత్రం ప్రతి పెట్రోలు బంకులో ఉంది. అంత డబ్బున్న దేశంలోనే పల్లె రాష్ట్రాలకి ఇలా జరిగితే మనం ఇంకెంత మేలుకుని ఉండాలి.

సరే, అసలు ఎవరిని లావు అనాలి? కంటితో చూసి చెప్తే పొరపాటు పడతాం. కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. దీన్నే బీఎంఐ అంటారు. నూట యాభై సెంటీమీటర్ల ఎత్తున్న ఒక అమ్మని తీసుకోండి. మన ఊళ్ళలో అది మామూలు ఎత్తు. ఒకటిన్నరని ఒకటిన్నరతో గుణిస్తే 2.25. ఆవిడ 57 కిలోలుందనుకోండి, బీఎంఐ 25 దాటిపోయింది. యాభై ఏడు కిలోల మనిషిని చూసి మన ఊళ్ళో ఎవరూ లావు అనరు. "నిండుగా ఉంది" అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. మన ఆసియా ఒళ్ళకి ఆ గీత ఇంకా కిందే గీయాలని వైద్యులు చాలాకాలంగా చెప్తున్నారు. మనకి 23 దగ్గరే జాగ్రత్త మొదలవ్వాలి, 25 దగ్గర ఊబకాయం అనాలి. అంటే ఆ నూట యాభై సెంటీమీటర్ల అమ్మకి 52 కిలోల దగ్గరే మనం ఒక మాట చెప్పాలి.

ఎందుకిలా? పూణేలో డాక్టర్ యాజ్ఞిక్ గారని మధుమేహం మీద జీవితమంతా పని చేసిన వైద్యులు ఉన్నారు. ఆయన, లండన్‌లో ఉండే జాన్ యుడ్కిన్ అనే ఇంకో వైద్యుడు, ఇద్దరూ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటో వేయించుకున్నారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఇద్దరూ సన్నంగానే ఉన్నారు. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కి 9 శాతం, యాజ్ఞిక్ గారికి 21 శాతం. బీఎంఐ ఒక్కటే, లోపల కొవ్వు మాత్రం రెట్టింపు పైనే. మన పిల్లలు పుట్టినప్పుడే ఇలా ఉంటున్నారని కూడా యాజ్ఞిక్ గారే చూపించారు. తక్కువ బరువుతో, సన్నటి కాళ్ళూ చేతులతో పుడతారు, కండ తక్కువ, పొట్ట దగ్గర కొవ్వు మాత్రం తగ్గదు. తల్లి కడుపులో ఉండగా చాలినంత పోషణ అందని బిడ్డ, దొరికింది దొరికినట్టు దాచుకునే ఒంటితో పుడతాడు. తర్వాత తిండి పుష్కలంగా దొరికే రోజులు వస్తే ఆ ఒళ్ళు దాచుకుంటూనే పోతుంది. రక్తహీనత ఉన్న తల్లికీ, నలభై ఏళ్ళ తర్వాత షుగర్ తెచ్చుకునే కొడుక్కీ మధ్య ఉన్న లంకె ఇదే. గర్భిణులకి మీరు ఐరన్ మాత్రలు ఇవ్వడం, అంగన్‌వాడీలో గుడ్డు పెట్టడం కూడా ఊబకాయాన్ని ఆపే పనే. దాన్ని మీరు ఆ దృష్టితో చూడాలని నా కోరిక.

అందుకే నాకు బరువు కంటే నడుం కొలత మీద నమ్మకం ఎక్కువ. ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90. అది దాటితే పొట్ట లోపల, కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ కొవ్వు పేరుకుందని అర్థం. షుగర్‌నీ బీపీనీ తెచ్చేది ఎక్కువగా ఆ కొవ్వే. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పెద్ద సర్వేలో దేశంలో పెద్దవాళ్ళలో నూటికి దాదాపు 40 మందికి పొట్ట ఊబకాయం ఉందని తేలింది. అదే సర్వే లెక్కల ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో ఉన్నారు.

ఈ కొలత ఎలా తీయాలో చాలాచోట్ల తప్పుగా జరుగుతోంది కాబట్టి ఒక నిమిషం దీని మీద ఉంటాను. బొడ్డు దగ్గర కట్టేసి చదవకూడదు. పక్కటెముకల్లో చివరిది ఎక్కడ ఆగుతుందో వేలితో చూసుకోండి. తుంటి ఎముక పైఅంచు ఎక్కడుందో చూసుకోండి. ఆ రెండిటికీ సరిగ్గా మధ్యన టేపు చుట్టాలి. నేలకి సమాంతరంగా ఉండాలి, వెనక్కి జారిపోకూడదు. ఆవిడ మామూలుగా ఊపిరి వదిలాక చదవాలి. పొట్ట లోపలికి పీల్చుకుంటారు, అందరూ పీల్చుకుంటారు, కాస్త మాటల్లో పెట్టి చదవండి. చీర కుచ్చిళ్ళ మీద, లంగా బొందు మీద టేపు పెడితే అయిదారు సెంటీమీటర్లు తేడా వచ్చేస్తుంది. మగవాళ్ళెవరూ లేని గదిలో, చీర కొంచెం కిందకి జరిపి తీయాలి. ఒక పల్లె క్లినిక్‌లో నేను చూశాను, వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి అందరి ముందూ తీస్తున్నారు. ఆ అమ్మలు సిగ్గుతో సగం సగం లేచి నిలబడుతున్నారు. వచ్చిన అంకెలన్నీ తప్పే. ఒక తలుపు, ఒక కర్టెన్ ఉంటే చాలు.

ముప్పై దాటిన ప్రతి ఒక్కరి దగ్గరా, షుగర్, బీపీ లాంటి జబ్బుల ముప్పు ఎంతుందో చూడటానికి మీరు సీబ్యాక్ ఫారం నింపుతారు కదా. అందులో నడుం కొలత గడి ఉంది. వయసు, పొగాకు, మద్యం, వ్యాయామం, కుటుంబంలో జబ్బులు, నడుం కొలత, వీటన్నిటికీ మార్కులు వేసి నాలుగు దాటితే ముందు పరీక్షకి పంపాలి. ఆ ఒక్క గడి అంచనాతో నింపేస్తే షుగర్ రాబోయే మనిషి మన చేతుల్లోంచి జారిపోతుంది. టేపు చిరిగిపోతే అడగండి. అడిగినా ఇవ్వకపోతే మళ్ళీ అడగండి. టైలరు దగ్గర దొరికే టేపైనా పర్వాలేదు, సాగిపోనిదైతే చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పల్లెలో ఏం మారింది?

పని మారింది. నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది. కోతకి, నూర్పుకి కలిపి ఒకటే యంత్రం వచ్చింది. ఎడ్లబండి పోయి ఆటో వచ్చింది, పొలానికి కూడా మోటారు సైకిల్ మీదే వెళ్తున్నారు. ఇంట్లో రోలు, తిరగలి మూలనపడ్డాయి. బావి బదులు కుళాయి, కట్టెల బదులు గ్యాసు. ఇవన్నీ మంచి మార్పులే. మా అమ్మమ్మ నడుం వంగిపోయేలా చేసిన ఆ చాకిరీ ఏ ఆడపిల్లకీ తిరిగి రావాలని నేను కోరుకోను. కానీ ఆ పనికి సరిపోయేలా తిన్న అన్నం కొలత మాత్రం మారలేదు.

1983లో రామారావు గారు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు ఈ రాష్ట్రంలో ఎన్నో ఇళ్ళలో మొదటిసారి రెండు పూటలా వరి అన్నం వండారు. ఆకలి తీర్చిన పథకం అది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు ఆకలి చూసి ఉండరు. అంతకు ముందు మన ఉత్తరాంధ్రలో పేదిళ్ళలో చోడి అంబలి, అంటే రాగి అంబలి, గంటి అన్నం, అంటే సజ్జ అన్నం, మన్యంలో సామలు, కొర్రలు. వరి అన్నం పండగ నాడే. వరి వచ్చాక చోళ్ళు పేదరికానికి గుర్తయిపోయాయి, వాటిని తినడమే నామోషీ అయింది. కడుపు నిండింది కానీ పళ్ళెంలో మిగతావేవీ పెరగలేదు.

ఒక రోజు తిండి లెక్క వేద్దాం. చోడవరం వైపు ఒక ఊరి నుంచి నా దగ్గరికి మోకాళ్ళ నొప్పులని వచ్చిన ఒక తల్లి చెప్పిన తిండే తీసుకుంటాను. నలభై పైబడిన మనిషి, జీడితోటలో కూలికి వెళ్తుంది, పని ఉన్నన్నాళ్ళే. "ఏటి తింటన్నానమ్మా, మూడు పూటలే కదా తింటన్నాను, ఒళ్ళు మాత్రం వచ్చేస్తంది" అంది. అబద్ధం చెప్పలేదు. పొద్దున్న టీ, మధ్యలో ఇంకో టీ, రెండిట్లోనూ పంచదార బాగా. పదింటికి చద్దన్నం, మూడింటికి అన్నం, పప్పుచారు, రాత్రి తొమ్మిదింటికి అన్నం, పచ్చడి. రోజుకి బియ్యం నాలుగు వందల గ్రాములు తేలింది. దాన్నుంచి వచ్చే శక్తి 1400 కేలరీలు. మాంసకృత్తులు మాత్రం ముప్పై గ్రాముల చుట్టూనే. యాభై ఐదు కిలోల ఆడమనిషికి రోజుకి 46 గ్రాములు కావాలి. పప్పుచారులో పప్పు ఎంతని అడిగితే నలుగురికి ఒక గుప్పెడు అంది. గుడ్డు వారానికి ఒకటి, అదీ మనవడికి. ఆకుకూర పండగకి. పండు జ్వరం వస్తే.

ఇలాంటి పళ్ళెంలో కడుపు నింపడానికి అన్నం తప్ప ఇంకేమీ లేదు. కండ పెంచేదీ రక్తం పెంచేదీ లేవు కాబట్టి ఆకలి కూడా త్వరగా వేస్తుంది, ఇంకొంచెం అన్నం పెట్టుకుంటుంది. పని లేని రోజుల్లో ఆ పిండిపదార్థమంతా కొవ్వుగా మారి పొట్ట దగ్గర చేరుతుంది. రక్తహీనత, ఊబకాయం ఒకే ఒంట్లో ఎలా ఉంటాయన్న ప్రశ్నకి జవాబు ఆ పళ్ళెంలోనే ఉంది. ఆవిడని తిండిపోతు అనడానికి మనకెవరికీ హక్కు లేదు.

ఆవిడకి ఇంతకుముందు ఎక్కడో "బరువు తగ్గాలమ్మా" అని చెప్పి పంపేశారట. ఎలా తగ్గాలో చెప్పలేదు. ఒక పూట మానెయ్యమంటే మానేసింది, నీరసం వచ్చి కూలికి వెళ్ళలేకపోయింది. నేను చెప్పింది ఇంతే. అన్నం మూడోవంతు తగ్గించి ఆ చోటుని పప్పుతో, కూరతో నింపమన్నాను. పెరట్లో ఉన్న మునగాకు వారానికి మూడుసార్లు కొయ్యమన్నాను. రాత్రి అన్నం బదులు చోడి అంబలి పలచగా, మజ్జిగ పోసుకుని. మనవడి గుడ్డుతో పాటు తనకీ ఒకటి. టీలో పంచదార సగం. ఏడాది పొడవునా చూస్తే అయిదు కిలోల దాకా తగ్గింది. అయిదు కిలోలంటే చిన్నదిగా అనిపిస్తుంది కానీ ఒంటి బరువులో అయిదు నుంచి పది శాతం తగ్గినా షుగరు, బీపీ, మోకాళ్ళు మూడూ తేలికపడతాయి. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం 2006లో చూపించింది, షుగర్ గుమ్మంలో ఉన్న మనవాళ్ళలోనే తిండి, నడక మారిస్తే జబ్బులోకి జారేవాళ్ళు నాలుగో వంతుకి పైగా తగ్గారు. మందు లేకుండానే.

ఆడవాళ్ళ దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే మన పల్లెల్లో ఈ బరువు ఎక్కడ మొదలవుతుందో చూస్తే చాలాసార్లు కాన్పు దగ్గర తేలుతుంది. బాలింతకి పథ్యం పేరుతో కూరలు పెట్టరు, పళ్ళు పెట్టరు. నీళ్ళు కూడా కొలిచి ఇస్తారు. అన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం. మూడు నెలలు మంచం దిగనివ్వరు. ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు. ఆ మూడు నెలల్లో వచ్చిన బరువు పోకముందే రెండో కాన్పు. తర్వాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. "ఆపరేషన్ అయ్యాక ఒళ్ళొచ్చేసింది" అని ప్రతి ఊళ్ళోనూ వింటారు. ఆ ఆపరేషన్‌లో అండం వచ్చే గొట్టాన్ని మాత్రమే మూసేస్తారు. హార్మోన్లు తయారయ్యే అండాశయాల్ని ముట్టుకోరు. దానివల్ల బరువు పెరగదు. రెండు కాన్పుల బరువు దిగకుండా ఉండిపోయింది, అదే సమయానికి ఆపరేషన్ జరిగింది, నింద దాని మీద పడింది. ఈ మాట మీరు గట్టిగా చెప్పండి. ఇది నమ్మి ఆపరేషన్‌కి భయపడేవాళ్ళూ ఉన్నారు, ఆపరేషన్ అయిందిగా ఇంక ఏం చేసినా తగ్గదని వదిలేసేవాళ్ళూ ఉన్నారు.

ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినడం ఇంకొకటి. కూర అయిపోతుంది, అన్నం మిగులుతుంది. పారెయ్యడానికి మనసొప్పదు. ఆ అన్నం ఆవిడ పళ్ళెంలోకే వస్తుంది. దీనికి మందు మగవాళ్ళ చేతుల్లో ఉంది. ఇక్కడున్న అన్నదమ్ములారా, ఇంట్లో అందరూ ఒకేసారి కూర్చుని తినండి. కూర సమంగా పంచుకోండి.

నూనె గురించి చెప్పి కొట్టు దగ్గరికి వస్తాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మనిషికి రోజుకి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి నెలకి లీటరు ప్యాకెట్లు మూడున్నర. మీ ఇంటికి ఎన్ని వస్తున్నాయో ఈ రాత్రి చూసుకోండి. బయట తినే బజ్జీలు, పునుగుల నూనె ఆ ప్యాకెట్లలో కనపడదని గుర్తుంచుకోండి. పంచదార రోజుకి 25 గ్రాములు దాటకూడదు. అనకాపల్లి బెల్లం మన గర్వమే, కానీ "బెల్లమైతే పర్వాలేదు" అనుకుని రెట్టింపు వేసుకుంటే ఒంటికి రెండిటికీ పెద్ద తేడా తెలియదు.

ఇక కొట్టు. ఏ ఊళ్ళోనైనా కిళ్ళీకొట్టు ముందు నిలబడి పైకి చూడండి. దండల్లా వేలాడే అయిదు రూపాయల ప్యాకెట్లు. చిప్స్, కుర్‌కురే, బిస్కెట్లు, కింద ఫ్రిజ్‌లో పది, ఇరవై రూపాయల కూల్‌డ్రింకులు. కూలికి వెళ్తూ తల్లి బిడ్డ చేతిలో పెట్టే డబ్బుకి సరిగ్గా సరిపోయేలా ఆ ధరలు పెట్టారు. అదే అయిదు రూపాయలకి అరటిపండు ఒకటి వస్తుంది, రోజూ ఉండదు, మగ్గిపోతుంది. ప్యాకెట్ ఆరు నెలలు ఉంటుంది. పావు లీటరు కోలాలో పంచదార ఇరవై అయిదు గ్రాములు దాటుతుంది. ఒక్క సీసాతో ఆ బిడ్డ రోజు కోటా అయిపోయింది.

ఇక్కడ ప్రభుత్వం చేయాల్సింది ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. కూల్‌డ్రింకుల మీద 40 శాతం. అది సరైన పని. కానీ చిప్స్, బిస్కెట్లు, చాక్లెట్ల మీద పన్ను 5 శాతానికి దించారు. పన్ను తగ్గితే బిడ్డలకి ఇంకాస్త పెద్ద ప్యాకెట్ వస్తుంది, అంతే. మెక్సికో 2014లో తీపి పానీయాల మీద పన్ను వేసినప్పుడు కేలరీలు ఎక్కువున్న చిరుతిళ్ళ మీద కూడా వేసింది. చిలీ 2016 నుంచి ప్యాకెట్ ముందు నల్లటి గుర్తు పెట్టిస్తోంది, చదువు రానివాళ్ళకి కూడా తెలిసేలా. మన దేశంలో ఆ గుర్తు కోసం ఏళ్ళ తరబడి చర్చ నడుస్తూనే ఉంది. నాకు ఇందులో రెండో మాట లేదు, ఆ గుర్తు కావాలి, తెలుగులో కావాలి, ముందువైపే కావాలి.

చేతిలో ఉన్న చట్టం ఒకటుంది. బడి లోపలా, బడి గేటు నుంచి యాభై మీటర్ల లోపూ కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే నిబంధన తెచ్చింది. హెడ్మాస్టర్లు ఇక్కడ కొందరున్నారు. మీ గేటు నుంచి యాభై అడుగులు నడవకముందే ఏం దొరుకుతుందో మీకు తెలుసు. కొట్టువాడు కూడా పేదవాడే, అతని పొట్ట కొట్టమని నేను అడగను. వేరుశనగ, ఉడకబెట్టిన శనగలు, జామకాయ, చెరకు ముక్కలు అమ్మితే అతనికీ గడుస్తుంది. మాట్లాడి ఒప్పించండి. బడి భోజనంలో గుడ్డు, చిక్కీ, రాగి జావ ఇస్తున్నారు, అది చాలా మంచి పని. లోపల రాగి జావ పోసి బయట చిప్స్ అమ్మనిస్తే ఎలా?

రేషన్ గురించి ఒక్క మాట. మన పక్కనే ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టింది. గిరిజన రైతుల దగ్గర రాగులు మద్దతు ధరకి కొని రేషన్‌లో, అంగన్‌వాడీలో ఇచ్చింది. అరకు దాటి అవతలికి వెళ్తే కొరాపుట్. వాళ్ళ మట్టే మన మట్టి. పాడేరు, అరకు రైతులు పండించే చోళ్ళూ సామలూ ఈ విశాఖ మార్కెట్లో ఆర్గానిక్ పేరుతో పెద్ద ధరకి అమ్ముడవుతున్నాయి, పద్మనాభం, ఆనందపురం ఊళ్ళలోని కూలి ఇళ్ళకి మాత్రం చేరడం లేదు. విజయనగరంలో చిరుధాన్యాల మీద పని చేసే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, విత్తనానికి కొరత లేదు. బియ్యం ఆపమని నేను అనను. ఆ బియ్యంలో కొంత భాగానికి బదులు చోళ్ళు, దాంతో పాటు నెలకి రెండు కిలోల కందిపప్పు అందుబాటు ధరకి ఇస్తే ఇందాక చెప్పిన తల్లి పళ్ళెం మారుతుంది.

నడక విషయం. ఈ నగరంలో తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేసి నడిచేవాళ్ళకి వదిలేస్తారు. ఎంత గొప్ప పనో ఆ సమయంలో అక్కడికి వెళ్ళి చూస్తే తెలుస్తుంది. మా ఊరి ఆడవాళ్ళకి అలాంటి రోడ్డు ఎక్కడుంది? ఊరి బయట రోడ్డు మీద లారీలు, లైట్లుండవు, కుక్కలు. పైగా "పనీపాటా లేక తిరుగుతోంది" అన్న మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 లెక్కల ప్రకారం మన దేశంలో ఆడవాళ్ళలో సగానికి పైగా చాలినంత కదలడం లేదు. వారానికి 150 నిమిషాలు వేగంగా నడవమని మేం చెప్పేస్తాం, చోటు చూపించం. చాలా ఊళ్ళలో హైస్కూలు గ్రౌండు ఉంది, సాయంత్రం అయిదింటికి తాళం పడుతుంది. పంచాయతీ ఆ తాళం రెండు గంటలు తీయించి, రెండు లైట్లు వేయించి, డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్ళు కలిసి నడిచేలా చేస్తే ఎవరూ వేలెత్తి చూపరు. పదిమంది కలిసి నడిస్తే అది సంఘం పని అవుతుంది.

చివరిగా, లోపలికి వస్తుంటే ఇద్దరు ముగ్గురు నన్ను ఆపి బరువు తగ్గే ఇంజెక్షన్ల గురించి అడిగారు. అవి పని చేస్తాయి, ఆ మాట దాచను. 2025 నుంచి మన దేశంలో కూడా దొరుకుతున్నాయి. అవసరమైనవాళ్ళు డాక్టరు పర్యవేక్షణలో వాడొచ్చు. కానీ ప్రతి నెలా ఖర్చు, ఆపేస్తే బరువు చాలావరకు తిరిగి వస్తుంది, తిండి తగ్గినప్పుడు మాంసకృత్తులు చూసుకోకపోతే కండ కరుగుతుంది. ముందే కండ తక్కువున్న మన ఆడవాళ్ళకి అది మరీ ప్రమాదం. ఫోన్లో చూసి, తెలిసినవాళ్ళు వాడుతున్నారని మెడికల్ షాపులో కొనుక్కోకండి. థైరాయిడ్, గుండె, కిడ్నీ మందులు వాడేవాళ్ళు మరీ జాగ్రత్త.

పక్క గదిలో తలుపేసుకుని కొలత తీసుకోవడానికి ఏర్పాటు చేశాం. ఆడవాళ్ళకి ఆడవాళ్ళే తీస్తారు. ఆశా అమ్మలు ఒకరికొకరు తీసి చూసుకోండి, చెయ్యి తిరుగుతుంది. కొత్త టేపులు అక్కడే ఉన్నాయి, తలా ఒకటి పట్టుకెళ్ళండి. ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను. వెనక నీలం చీర అమ్మ చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, ముందు ఆవిడకి మైకు ఇవ్వండి.